ఆముదపు ఆకు మీద బియ్యం

డాక్టరు తమలపాకు మానెయ్యమన్నాడు. దవడ లోపల పుండొకటి ఎన్నాళ్ళకీ మానడం లేదు. దాన్ని టార్చిలైటు వేసి చూసి, పెదవి విరిచి, "ఇక ఆకూ వక్కా ముట్టుకోవద్దమ్మా" అన్నాడు. నా మనవడి ఈడువాడు. వాళ్ళమ్మ నా నవలలన్నీ చదివిందట. మందుల చీటీ రాస్తూనే, "ఇన్ని హత్యలు, ఇన్ని దొంగతనాలు మీకెలా తట్టేవమ్మా? ఇంగ్లీషు పుస్తకాలు బాగా చదివేవారా?" అని అడిగాడు. ఈ ప్రశ్న నన్ను అడగని మనిషి లేడు. అడిగినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఇంగ్లీషులో నాకు సంతకం పెట్టడం కూడా రాదు. ఆ మాట చెప్పకుండా చీటీ తీసుకుని వచ్చేశాను.

మధ్యాహ్నం అన్నానికి కూర్చుంటే మొదటి ముద్ద నోట్లో తిరగలేదు. ఆకు లేని నోరు ఎండిపోయి, మెతుకులు నాలుక్కి అంటుకుపోయాయి. కోడలు మంచినీళ్ళు అందించింది. నేను తాగలేదు. ముద్దను అలాగే నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. మా అత్త గుర్తొచ్చి కళ్ళు నిండాయి. కోడలు పుండు మంటపెడుతోందనుకుంది. అలాగే అనుకోనిచ్చాను.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. మా ఊరు అరవదేశంలో, కోవిల్‌పట్టికి ఎద్దులబండిలో ఒక పూట ప్రయాణం. చుట్టూ నల్లరేగడి, కంటికి ఆనినంత మేరా పత్తి, మధ్యమధ్యన సజ్జ, మిరప. గాలి ఇటు తిరిగితే కడంబూరు రైలు కూత వినపడేది. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మేం మాట్లాడే తెలుగుకు రాత ఉంటుందని నాకు పెళ్ళయ్యేదాకా తెలియదు. ఎన్ని తరాల కింద ఎవరు పట్టుకొచ్చారో ఆ భాషను, మూట విప్పకుండానే వాడుకున్నాం. పెళ్ళయి ఇటు తెలుగువైపు వచ్చాక నేను "ఉండాది", "పోయినాది" అంటుంటే, "కానీ"కి "ఆనా", "ఊరికే"కి "సుమ్మా" అని అరవం కలుపుతుంటే మా ఆడబిడ్డలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. నవ్వితే నవ్వండి అని నేను ఇంకా గట్టిగా మాట్లాడేదాన్ని.

అత్తకు ఊహ తెలియనప్పుడే పెళ్ళి చేశారు. ఆయన భేది తగిలి పోయాడు. ఆమె పుట్టింటికి వచ్చి తెల్లచీర కట్టుకుని ఉండిపోయింది. ఇంట్లో అందరికన్నా ముందు లేచి అందరికన్నా ఆఖరున తినేది, అదీ రోజుకు ఒక్క పూటే. తిన్నాక అవ్వ, అంటే మా నాన్నమ్మ, ఆకుపళ్ళెం తీసేది. అది అవ్వ ముందు నుంచి పెద్దమ్మ ముందుకు, అక్కణ్ణించి మా అమ్మ ముందుకు జరిగేది. మధ్యలో అత్త కూర్చుని ఉన్నా, పళ్ళెం ఆమెను దాటుకుని పోయేది. ఎవరూ దాటించినట్టు ఉండేది కాదు. అదేదో దాని దారి అన్నట్టు పోయేది.

మా ఇంటి వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. పత్తి కోతల కాలంలో ముందుగదిలో దూలం దాకా పత్తి పోసేవారు. ఎండ తగిలిన పత్తికి ఒక వెచ్చటి వాసన ఉంటుంది. పెరటి వైపు కొట్టులో పత్తిగింజల కుప్ప. వాటిని నానబోసి రోట్లో రుబ్బి ఎద్దులకు పెట్టేవారు, ఆ పాలవాసన వేరు. పొయ్యి మీద సజ్జకూడు ఉడికే వాసన, మజ్జిగలో ఊరిన మిరపకాయలు నూనెలో వేగే ఘాటు. ఆ ఘాటుకు ఇల్లంతా దగ్గేది. దగ్గుతూనే అందరం కంచాల ముందు చేరేవాళ్ళం.

పత్తి కాలంలో మా పిల్లల దొంగతనాలకు అంతు లేదు. గౌను మడతల్లో ఇంత పత్తి కుక్కుకుని ఊరి చివర కొట్టు ముసలమ్మకు ఇస్తే, ఆమె తూకం గీకం లేకుండా కారసేవు పొట్లం చేతిలో పెట్టేది. ఒకనాడు తిని వచ్చి అమాయకంగా కూర్చున్నాను. అత్త నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసింది.

"చెవి ఎనక పత్తి ఉండాది. మూతి మింద కారం ఉండాది. ఇంక నీ నోటితో ఏల చెప్పేది?" అంది.

నేను ఏడవబోతే నవ్వి, కొంగుతో మూతి తుడిచి, "దొంగతనం చేస్తే చేసినావు, మూతి తుడుచుకొనేది నేర్చుకో పాపా" అంది.

నా నవలల్లో డిటెక్టివు మగవాడు. మీసాలుంటాయి, చుట్ట కాలుస్తాడు. పబ్లిషరు అలా ఉండాలన్నాడు కాబట్టి పెట్టాను. మీసాలు తీసేస్తే లోపల ఉండేది మా అత్తే.

పొలంలో రాత్రిపూట ఎవరైనా పత్తి కోసుకుపోతే, తెల్లారి కనపడిన అడుగుజాడ మీద గంప బోర్లించడం మా వైపు ఆచారం. పెద్దలు వచ్చి చూసేదాకా జాడ చెదరకూడదు. ఒకసారి పెద్దలు ఇంకా రాలేదు. అత్త నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి గంప ఎత్తింది. నల్లమట్టిలో పాదం అచ్చుగుద్దినట్టు ఉంది.

"చూడు పాపా. మడమ లోతుకి దిగినాది. నెత్తిన బరువు ఉండాది. ఎడమకాలు పక్కకి పోయినాది. చంకలో బిడ్డ."

"ఎవురత్తా?"

"ఎవురైతే నీకేల? పాలు తాగే బిడ్డ ఉండేది, తినేదానికి లేనిది" అంటూ అత్త కాలితో ఆ జాడను మెల్లగా చెరిపేసింది. మళ్ళీ గంప బోర్లించింది. పెద్దలు వచ్చి ఎత్తి చూసి, పందికొక్కు తిరిగినట్టుందని తేల్చుకుని వెళ్ళిపోయారు. ఆ రోజంతా నాకు నవ్వు ఆగలేదు.

ఆ ఏడే అవ్వ పాంపడం పోయింది. పాంపడాలంటే మా వైపు పెద్దవాళ్ళు సాగదీసిన చెవులకు పెట్టుకునే బరువైన బంగారు నగలు. నడిస్తే భుజాలకు తగిలి ఊగేవి. అవ్వకు వాళ్ళమ్మ ఇచ్చినవి. శుక్రవారం వాటిని తీసి గిన్నెలో పెట్టి, తలంటి పోసుకుని, తల ఆరబెట్టుకుని, సాయంత్రం పెట్టుకుందామని చూస్తే గిన్నెలో ఒకటే ఉంది. అవ్వ గుండెలు బాదుకుంది. ఇల్లంతా వెతికారు. చాపలు దులిపారు, పొయ్యిలో బూడిద జల్లించారు. ఎక్కడా లేదు. బయటివాళ్ళు ఎవరూ లోపలికి రాలేదు. ఆ పూట ఇంట్లో ఉన్నది అవ్వ, పెద్దమ్మ, అమ్మ, అత్త. పనికత్తె పెరటి గుమ్మం దాటేది కాదు.

తాత ఇంటి అమ్మవారి పూజారికి కబురు పెట్టాడు.

మా ఇళ్ళలో దొంగతనం జరిగితే బియ్యం నమిలించేవారు. అమ్మవారి ముందు పసుపుగుడ్డలో కట్టి పెట్టిన బియ్యం తలా గుప్పెడు ఇస్తారు. నమిలి ఆకు మీద ఉమ్మాలి. తప్పు చెయ్యని నోట్లో బియ్యం తడిసి ముద్దవుతుంది. దొంగ నోట్లో పొడిగా ఉండిపోతుంది. అమ్మవారు ఆ నోట్లో నీళ్ళు లేకుండా చేస్తుందని నమ్మకం. మా తాత తండ్రి కాలం నుంచీ ఆ బియ్యం మాటకు తిరుగు లేదు.

మర్నాడు అత్త తెల్లవారకముందే పత్తి తీయడానికి వెళ్ళి, మధ్యాహ్నం ఎండలో పడి అప్పుడే వచ్చింది. ఇంకా అన్నం తినలేదు. అవ్వ ఏడుస్తుంటే పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"ఏడవొద్దమ్మా. బియ్యం నమిలితే సత్తెం బయటపడతాది. అమ్మ చూసుకుంటాది" అంది.

పెరట్లోకి వెళ్ళి ఆముదపు ఆకులు కోసుకొచ్చి కడిగి పరిచింది కూడా అత్తే. మిగతావాళ్ళు భోజనాలై ఆకులు నములుతూ కూర్చుని ఉన్నారు. పూజారి వచ్చాక లేచి, తాంబూలం ఉమ్మేసి, వరసగా నిలబడ్డారు.

నేను స్తంభం పక్కన నిలబడి చూశాను. అవ్వ ఉమ్మింది. పెద్దమ్మ ఉమ్మింది. అమ్మ ఉమ్మింది. ఆకుల మీద తడిసిన బియ్యం ఎర్రెర్రగా ముద్దలు పడింది. అత్త చాలాసేపు నమిలింది. దవడలు కదులుతున్నాయి, మింగుడు పడనట్టు గొంతు కదులుతోంది. వంగి ఉమ్మింది. ఆకు మీద తెల్లటి పొడి రాలింది, ముగ్గుపిండిలా.

అత్త ఆ ఆకును చూసి, పక్క ఆకులను చూసి, "ఇది నాదేనా?" అని అడిగింది.

పూజారి పసుపుగుడ్డ మడిచి లేచాడు. తాత పైగుడ్డ భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అవ్వ ఏడుపు ఆపింది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టినాది" అంది. కన్నకూతురిని అంది ఆ మాట.

పొమ్మని ఎవరూ అనలేదు. మా వాళ్ళు అలా అనే రకం కాదు. అత్త తోడిన నీళ్ళు తాగకుండా మళ్ళీ తోడుకునేవారు. ఆమె వండితే ఆకలి లేదనేవారు. ఆమె గదిలోకి వస్తే పెద్దమ్మ చెవులు తడుముకునేది. నన్ను ఆమె పక్కన పడుకోనిచ్చేవారు కాదు. నేను ఏడిచి రాగం తీస్తే అమ్మ ఒకటి అంటించింది. అత్త మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. తన చీరలన్నీ పెరట్లోకి తెచ్చి ఒక్కొక్కటీ విప్పి దులిపేది. మళ్ళీ మడిచేది. మర్నాడు మళ్ళీ దులిపేది. ఎందుకలా చేస్తోందో నాకు అర్థం కాలేదు. మిరపపళ్ళు ఎండబోసే రోజుల్లో ఒక పొద్దున, కోవిల్‌పట్టికి వెళ్ళే బండి ఎక్కి వెళ్ళిపోయింది. నేను లేచేసరికి ఆమె చాప చుట్టి గోడకు ఆనించి ఉంది.

వానలు పడ్డాయి. అమ్మ రోట్లో పత్తిగింజలు రుబ్బుతోంది, నేను గింజలు తోస్తున్నాను. కుప్ప అడుగుకు వచ్చింది. చేటతో ఎత్తి రోట్లో పోస్తే ఖంగుమంది. అమ్మ పొత్రం ఆపి చెయ్యి పెట్టి తీసింది. పాలలాంటి పిండి అంటుకుని అవ్వ పాంపడం.

అమ్మ అలాగే కూర్చుండిపోయింది. నేను మాత్రం ఎగిరి గంతేశాను. ఇంకేముంది, అత్త వచ్చేస్తుంది. అవ్వ దగ్గరికి పరుగెత్తాను. అవ్వ దాన్ని అందుకుని కొంగుతో తుడిచింది. అటూ ఇటూ తిప్పి చూసింది. తరవాత బొడ్లో దోపుకుని నా వైపు చూసింది.

"ఎవురికీ చెప్పొద్దు. సుమ్మా ఉండు" అంది.

అమ్మ ఎప్పుడూ తాత ఎదుట నోరెత్తేది కాదు. ఆ రోజు తలుపు చాటున నిలబడి, "ఆ పిల్ల పావం మామా. పోయి పిలుచుకొని రాండి" అంది.

తాత అరుగు మీద కూర్చుని నేలకేసి చూస్తూ చెప్పాడు. "పావమే. కాదంటానా? ఆనా ఆ బియ్యం తప్పంటే, మా నాయన కాలం నుంచి అది చెప్పిందంతా తప్పనాల. ఎందరిని ఊరు దాటించినాము ఆ బియ్యం చూసి. వాళ్ళందరికీ ఎవురు బదులు చెప్పేది?"

అమ్మ లోపలికి వెళ్ళి పొయ్యి ఊదుతూ ఏడ్చింది. పొగకు అన్నట్టు ఏడ్చింది.

మళ్ళీ పత్తి వచ్చింది. కోవిల్‌పట్టిలో ధర నచ్చక తాత విరుదునగర్ పేటకు బయలుదేరాడు. ఆయన దాన్ని పాత పేరుతో విరుదుపట్టి అనే అనేవాడు. అత్త అక్కడే ఏదో గోదాములో పత్తి ఏరుతోందని బండివాళ్ళు చెప్పుకోగా నేను విన్నాను. నేనూ వస్తానని నేల మీద పడి దొర్లాను. రైలు చూపిస్తే పోతుందిలే అని తీసుకెళ్ళారు. తాత సాత్తూరు స్టేషనులో నాకు కారసేవు కొనిపెట్టాడు. నేను తినకుండా ఒళ్ళో పెట్టుకున్నాను.

పేటలో మిరప ఘాటు, నూనె, గోనెసంచుల వాసన. తాత షావుకారుతో తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని బేరమాడుతున్నాడు. అలా బేరమాడితే ధర మూడో మనిషికి తెలియదు. నేను మెల్లగా జారుకుని గోదాములు వెతికాను. మూడో నాలుగో గోదాములో ఆడవాళ్ళు పత్తిలో ఆకులూ పుల్లలూ ఏరుతున్నారు. అందరి జుట్టూ పత్తి పడి తెల్లగా ఉంది. అందుకని వెంటనే పోల్చలేకపోయాను. అత్తే నన్ను పోల్చింది. చిక్కిపోయి ఉంది.

"అత్తా, పాంపడం దొరికింది" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"యాడ?"

"పత్తిగింజల కుప్పలో."

అత్త చేతిలో పత్తి అలాగే పట్టుకుని కాసేపు ఆలోచించింది. "అవ్వ తల ఆరబెట్టుకొని ఆ కుప్పకే ఆనుకొన్నాది. గిన్నె పక్కనే పెట్టుకొన్నాది. కునుకు పట్టినాది, చెయ్యి తగిలి దొర్లినాది" అంది. అంతే, తేలిపోయింది. ఇంటిల్లిపాదీ తేల్చలేనిది అంతసేపట్లో తేల్చేసింది.

"ఇంక ఇంటికి రా అత్తా."

ఆమె నా జుట్టు సర్దింది. "నేనే తీసినానేమో అనుకొన్నాను పాపా. అమ్మవారు అబద్దం చెప్పదు కదా. నిద్దట్లో ఏమన్నా తీసి దాచినానేమో, నాకే తెలీకుండా చేసినానేమో అని చీరలన్నీ దులిపి చూసినాను" అంది.

ఆమె మళ్ళీ పత్తిలో చెయ్యి పెట్టి ఒక ఎండుటాకు ఏరి పక్కన వేసింది.

"సరి, నేను తియ్యలేదు. ఆనా నా నోట్లో బియ్యం ఏల ఎండినాది? నలుగురం నమిలినాము, నా ఒకదాని నోట్లోనే ఎండినాది. అయితే అమ్మవారికి నా మింద వేరే ఏదో కోపం ఉండాది. ఆయన పోయినాడే, అది నావల్లే అయింటాది. అది తెలిసేదాకా నేను ఆ గడప ఎక్కేది లేదు."

తాత వెతుక్కుంటూ వచ్చాడు. ఆమెను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు, తప్పు మాదే రామ్మా అంటాడు అని నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"తిన్నావా?" అన్నాడు.

"తిన్నాను నాయనా" అంది అత్త.

ఆయన నా ఒళ్ళో ఉన్న కారసేవు పొట్లం తీసి ఆమె పక్కన పెట్టి, నన్ను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. రైల్లో ఊరు వచ్చేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు.

ఆ వానాకాలం పేటలో అత్తకు భేది తగిలింది. కబురు వచ్చేసరికే అంతా అయిపోయింది. తాత తలకు నీళ్ళు పోసుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అవ్వ ఆ రోజు చెవుల్లో రెండు పాంపడాలూ తీసేసింది. మళ్ళీ పెట్టుకోలేదు. ఖాళీ చెవులు ఊగుతూ ఉండేవి. ఎందుకు తీశావని ఇంట్లో ఎవరూ అడగలేదు.

తరవాత నాకు పెళ్ళయింది, ఇటు వచ్చాను, తెలుగు చదవడం నేర్చుకున్నాను. దొరికిన పుస్తకమల్లా చదివాను. పిల్లలు పుట్టారు. నడివయసులో మా ఆయన పోయారు. పదిరోజుల కర్మ పూర్తయి చుట్టాలందరూ భోజనాలకు కూర్చున్న రోజున, తిన్నాక మా ఆడబిడ్డ ఆకుపళ్ళెం తెచ్చింది. అది నా ముందుకు వచ్చి, ఆగకుండా పక్కావిడ దగ్గరికి వెళ్ళిపోయింది. ఎవరూ దాటించలేదు. దాని దారిన అది పోయింది.

ఆ వారమంతా నాకు ముద్ద మింగుడు పడలేదు. ఏళ్ళ తరబడి తాంబూలానికి అలవాటుపడిన నోరు, ఒక్కసారిగా బీడుపడిపోయింది. దుఃఖం అన్నారందరూ. ఒకనాడు వంటింట్లో బియ్యం ఏరుతూ నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాను. చిన్నప్పటి అలవాటు. నమిలాను. పొడిగా, మెత్తగా, తెల్లగా వచ్చింది. అప్పుడు కనపడ్డాయి నాకు ఆ ఆముదపు ఆకులు. అవ్వది ఎర్రగా, పెద్దమ్మది ఎర్రగా, అమ్మది ఎర్రగా. అంతమంది చూశాం. పూజారి చూశాడు, తాత చూశాడు, నేను చూశాను. అడుగుజాడలో చంటిబిడ్డను చూసిన అత్త కూడా చూసింది. పళ్ళెం ఆమెను దాటిపోవడానికి అందరం ఎంత అలవాటుపడ్డామంటే, ఆమె నోట్లో ఆకు లేదన్నది ఒక సంగతిగా ఎవరికీ తోచలేదు.

వంటింట్లో చేటలో తలపెట్టి ఏడ్చాను. అప్పటికి అవ్వ లేదు, తాత లేడు, అమ్మ లేదు. ఎవరిని పిలిచి కూర్చోబెట్టి చెప్పాలి? ఆ సాయంత్రమే బజారుకు మనిషిని పంపి ఆకూ వక్కా తెప్పించుకుని, వీధి అరుగు మీద కూర్చుని అందరూ చూస్తుండగా నోరు ఎర్రగా పండేలా వేసుకున్నాను. ముండమోసిన దానికి తాంబూలమేమిటని వీధి వీధంతా నోళ్ళు నొక్కుకుంది. నొక్కుకోనీ అనుకున్నాను. మొదటి నవల ఆ ఏడే మొదలుపెట్టాను.

నా నవలల ఆఖరి అధ్యాయం ఎప్పుడూ ఒకటేనని విమర్శకులు ఎగతాళి చేశారు. అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టడం, నేరం ఎవరిదో చెప్పడం. నిజానికి నాకు దొంగ ఎవరన్నది ఎన్నడూ ముఖ్యం కాలేదు. ఆ హాల్లో ఒక మూల, అందరూ అనుమానించిన మనిషి ఒకరు కూర్చుని ఉంటారు. డిటెక్టివు వాళ్ళ వైపు తిరిగి, నువ్వు చెయ్యలేదని నలుగురి ఎదుటా చెప్తాడు. ఆ ఒక్క వాక్యం కోసమే మిగతా పేజీలన్నీ రాశాను. ప్రతి నవలలోనూ రాశాను.

కోడలు మళ్ళీ నీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది. ముద్ద ఇంకా నోట్లోనే ఉంది, తడవలేదు. కంచం అంచున ఉమ్మి చూసుకున్నాను. తెల్లగా ఉంది.

అమ్మవారికి నీ మీద ఏ కోపమూ లేదు అత్తా. నీ నోట్లో ఆకు లేదు, అంతే.